యంత్రం కన్నా కుర్చీ ఎక్కువ మేలు చేసింది: ఒక ఫిజియోథెరపీ కేంద్రంలో పన్నెండు వారాలు

రాజమహేంద్రవరంలో నేను పన్నెండు వారాలపాటు వెళ్లిన ఒక ఫిజియోథెరపీ కేంద్రం గురించి, అంతకు ముందు రెండేళ్లలో మోకాళ్ల నొప్పికి, నడుము నొప్పికి నేను కొని వాడిన వస్తువుల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. కేంద్రం పేరు కావాలనే రాయడం లేదు. అక్కడ నాకు నచ్చినవీ ఉన్నాయి, నచ్చనివీ ఉన్నాయి. వాటిని వివరంగా చెబితే, మీ ఊళ్లోని కేంద్రం ఎలాంటిదో మీరే తూచుకోగలుగుతారని నా ఉద్దేశం.

నా వయసు 57. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరును. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజుకు ఐదారు పీరియడ్లు నల్లబల్ల దగ్గర నిలబడి పాఠం చెబుతున్నాను, రానూ పోనూ నలభై కిలోమీటర్లకు పైగా బస్సులో తిరుగుతున్నాను. రెండేళ్ల కిందట కుడి మోకాలు మొదట మెట్లు దిగేటప్పుడు పట్టడం మొదలుపెట్టింది. తరువాత బస్సు ఫుట్‌బోర్డు మీదికి కాలు ఎత్తలేని స్థితి వచ్చింది. దానికి తోడు పొద్దున్న లేచాక నడుము పావుగంట సేపు వంగేది కాదు. బళ్లో ఉన్నది నేల మరుగుదొడ్డి కావడంతో, కూర్చుంటే లేవలేనేమోనన్న భయంతో మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తాగడం మానేశాను. ఆడవాళ్లలో ఇలా నీళ్లు మానేసేవారు చాలామంది ఉన్నారని తెలుసు కాబట్టే ఈ మాట దాచకుండా చెబుతున్నాను.

ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే చూసి మోకాళ్లలో అరుగుదల మొదలైందని, ఇంకా ఆపరేషను దాకా వెళ్లాల్సిన పరిస్థితి లేదని చెప్పారు. పది రోజులకు నొప్పి మాత్రలు, కడుపులో మంట రాకుండా మరో మాత్ర రాసి, ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. నేను మాత్రలు తీసుకున్నాను, ఫిజియోథెరపీకి వెళ్లలేదు. పది రోజుల మాత్రలను మందుల షాపులో అడిగి తెచ్చుకుంటూ నాలుగు నెలలు మింగాను. కడుపు మంటతో పాటు రక్తపోటు కూడా పెరిగాక డాక్టరుగారే గట్టిగా మందలించి ఆపించారు. ఈ రకం నొప్పి మాత్రలు రక్తపోటును పెంచుతాయని, ఎక్కువ కాలం వాడితే మూత్రపిండాలను దెబ్బతీయగలవని నాకు అప్పుడే తెలిసింది. వాటి బదులు మోకాలికి పైపూతగా డైక్లోఫెనాక్ జెల్ రాసుకోమన్నారు. మోకాళ్ల విషయంలో జెల్ నాకు నిజంగా పనికొచ్చింది. కొన్న వస్తువుల్లో డబ్బు దండగ కాలేదని నేను చెప్పగలిగేది దాన్ని, వేడినీళ్ల బ్యాగును మాత్రమే.

మిగతావన్నీ క్లుప్తంగా చెబుతాను. 950 రూపాయలు పెట్టి కొన్న నడుం బెల్టు కట్టుకున్న మొదటి వారం ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు ధైర్యంగా అనిపించింది. మూడో నెలకల్లా అది లేకుండా బస్సెక్కాలంటే భయం వేసేది. నడుము చేయాల్సిన పనిని బెల్టు చేస్తోందని, నడుముకు ఆ పని అలవాటు తప్పుతోందని నాకు ఎవరూ చెప్పలేదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పి మీద మొదటిసారి మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడు, మామూలుగా చేయకూడని చికిత్సల జాబితాలో బెల్టులను, నడుమును బరువులతో లాగే ట్రాక్షన్‌ను చేర్చింది. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారని లెక్క చెప్పిందీ ఆ సంస్థే. అంతమందిలో ఎందరి బీరువాల్లో నా బెల్టు లాంటి బెల్టులు పడి ఉన్నాయో!

మోకాలి క్యాపులు జత 600 రూపాయలు. చలికాలంలో వెచ్చగా ఉంటాయి, అంతకు మించి ఏమీ లేదు. ఎగ్జిబిషన్‌లో కొన్న అయస్కాంతపు పట్టీలు 1,800 రూపాయలు, వాటివల్ల రవ్వంత కూడా ప్రయోజనం కలగలేదు. తైలాలు, బామ్‌లు కూడా కలిపితే ఖర్చు నాలుగు వేలు దాటింది. మా అత్తగారు చేసిన వావిలాకు కాపడం, ఉప్పు మూట కాపడం మాత్రం ఆ పూటకు హాయినిచ్చేవి. వాటిని నేను తక్కువ చేయను. వెచ్చదనం కండరాన్ని సడలిస్తుంది, ఆప్యాయంగా ఒకరు దగ్గర కూర్చుని కాపడం పెడితే మనిషికి ఊరట కలుగుతుంది. అయితే ఆ ఊరటను వాడుకుని లేచి కదలకపోతే అది ఆ పూటతోనే పోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. మా బడి ఉన్న ఊళ్లో ఒకావిడ మోకాళ్లకు ఎవరి దగ్గరో నెలకొకసారి సూది వేయించుకునేవారు. సూది వేయించుకున్న మర్నాడే పొలం వెళ్లగలిగేవారు. ఏడాదికి ముఖం గుండ్రంగా ఉబ్బింది, లేని షుగరు వచ్చింది. అవి స్టీరాయిడ్ సూదులని పెద్దాసుపత్రిలో తేలింది. నిపుణులైన డాక్టరు అవసరాన్ని బట్టి కీలులోకి ఎప్పుడో ఒకసారి ఇచ్చే ఇంజెక్షను వేరు, లెక్కాపత్రం లేకుండా నెలనెలా ఒంట్లోకి ఎక్కించేది వేరు. రెండోది ఎముకలను కూడా గుల్ల చేస్తుంది. మందు పేరు చీటీ మీద రాయని చోట సూది వేయించుకోవద్దని అందరినీ వేడుకుంటున్నాను.

చివరికి ఫిజియోథెరపీకి వెళ్లాలని నిశ్చయించుకున్నాక నేను మొదట వెళ్లిన చోటు ఇప్పుడు సమీక్షిస్తున్న కేంద్రం కాదు. అక్కడ ఇరవై సిట్టింగులకు 6,000 రూపాయలు ముందే కట్టించుకున్నారు. రోజూ వెళ్లడం, బల్ల మీద పడుకోవడం, కరెంటు పెట్టించుకోవడం, పావుగంటకు గంట మోగగానే లేచి వచ్చేయడం, పదకొండు రోజులపాటు జరిగింది ఇంతే. నా మోకాలిని చేత్తో తాకి చూసినవారు లేరు, నన్ను నడిపించి చూసినవారు లేరు. వ్యాయామం ఏదైనా చెప్పమని అడిగితే నొప్పి పూర్తిగా తగ్గాక చూద్దామన్నారు. ఇక రాలేనని, మిగిలిన తొమ్మిది సిట్టింగుల డబ్బు 2,700 రూపాయలు వెనక్కి ఇవ్వమని అడిగాను. ఇవ్వలేదు. డబ్బు పోయిందన్న బాధ కన్నా, నొప్పి తగ్గాకే కదలాలన్న తప్పుడు మాటను ఒక చికిత్సా కేంద్రంలోనే విన్నానన్న బాధ నాకు ఎక్కువ.

తోటి టీచరు చెప్పగా వెళ్లిన రెండో కేంద్రంలో మొదటి రోజే తేడా తెలిసింది. ఫిజియోథెరపీలో డిగ్రీ (బి.పి.టి.) చదివిన ఒక అమ్మాయి నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని దాదాపు ముప్పావుగంట మాట్లాడింది. నొప్పి ఎక్కడ అని కాక, నొప్పివల్ల ఏ పని మానేశారని మొదట అడిగింది. నేను మంచినీళ్ల సంగతి చెప్పినప్పుడు ఆ అమ్మాయి రాయడం ఆపి తలెత్తి చూసింది. తరువాత జ్వరం వస్తోందా, కారణం లేకుండా బరువు తగ్గారా, రాత్రిళ్లు పడుకున్నా తగ్గని నొప్పి ఉందా, పాదం ఈడుస్తోందా, మూత్రం మీద అదుపు తప్పుతోందా, తొడల మధ్య స్పర్శ తగ్గిందా అని ఒక్కొక్కటే అడిగింది. వీటిలో ఏదైనా ఉంటే వ్యాయామాలు మొదలుపెట్టకుండా డాక్టరు దగ్గరికి పంపాలట. ముఖ్యంగా నడుము నొప్పితో పాటు మూత్ర విసర్జన మీద అదుపు తప్పితే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి అది. మీరు వెళ్లిన కేంద్రంలో ఈ ప్రశ్నలు అడగకపోతే, అక్కడ ఎంత మంచి యంత్రాలున్నా నేను నమ్మను.

ఆ తరువాత పరీక్ష పెట్టింది. చేతులు గుండెల మీద కట్టుకుని ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలనో లెక్కపెట్టింది. ఏడుసార్లు. ఆ అంకెను నా కాగితం మీద పెద్దదిగా రాసి, చుట్టూ సున్నా చుట్టింది. ముప్పై ఏళ్లుగా పిల్లల కాగితాల మీద నేను చేసిన పని అది.

మోకాళ్ల గుజ్జు అరిగిపోయిందని మనవాళ్లు అనే మాట నన్ను ఎంతగా కట్టిపడేసిందో ఆ రోజే అర్థమైంది. ఆ మాట వినగానే చెప్పు అడుగు అరిగినట్టుగా మనసులో ఊహించుకుంటాం. నడిచిన కొద్దీ ఇంకా అరుగుతుందని భయపడి మంచానికి అతుక్కుపోతాం. నిజానికి మోకాలి ఎముకల చివర ఉండే ఆ మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు లేవు. కీలు కదిలి, దాని మీద బరువు పడి తొలగుతూ ఉంటేనే కీలులోని ద్రవం అందులోకి వెళ్లి వస్తూ దాన్ని పోషిస్తుంది. కదలని కీలుకు తిండి అందదు. చుట్టూ ఉన్న తొడ కండరం పలచబడితే అడుగు వేసినప్పుడల్లా ఆ బరువు నేరుగా కీలు మీదే పడుతుంది. నడుము సంగతీ అంతే. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు అరిగిందని స్కానింగు రిపోర్టులో రాసి ఉంటే జీవితం అయిపోయినట్టు కుంగిపోయేవారిని ఎందరినో చూశాను. నొప్పి ఏమాత్రం లేనివారి స్కానింగులు పరిశీలించిన అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూస్తే, యాభై ఏళ్లవారిలో 80 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. తల నెరవడం లాంటిదే అదీ అని ఆ అమ్మాయి చెప్పినప్పుడు నా భుజాల మీదినుంచి ఏదో దించినట్టయింది.

వ్యాయామాలన్నీ చెప్పను గానీ ఒకదాన్ని వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ కేంద్రానికి నేను ఇచ్చే మార్కుల్లో సగం దానికే. చేతులు లేని చెక్క కుర్చీని గోడకు ఆనించి, దాని మీద రెండు దుప్పట్లు మడతపెట్టి ఎత్తు పెంచారు. కూర్చోవాలి, మడమలు నేలకు ఆనించాలి, పాదాలను మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి జరపాలి, ముందుకు వంగి లేవాలి. ‘ముక్కు కాలి బొటనవేళ్ల మీదికి రావాలి టీచరుగారూ, అప్పుడు లేవండి’ అనేది. నేను లేస్తుంటే ఎదురుగా గొంతుకూర్చుని నా మోకాళ్లనే చూసేది. నాలుగోసారి లేచేటప్పటికి కుడి మోకాలు లోపలికి వాలుతోందని పట్టుకుంది. నాకు ఆ సంగతి తెలియనే తెలియదు. రెండేళ్లుగా మెట్ల మీద, బస్సులో, బడిలో నా మోకాలు అలా లోపలికి వాలుతూనే ఉందన్నమాట. తొడల చుట్టూ ఎర్ర రబ్బరు పట్టీ ఒకటి కట్టి, పిర్ర పక్కన వేలు పెట్టి, ‘పట్టీని బయటికి తోస్తూ లేవండి, పని ఇక్కడ జరగాలి’ అంది. అలా లేచినప్పుడు మోకాలి నొప్పి సగమైంది. ఏ మందూ లేకుండా, ఏ యంత్రమూ పెట్టకుండా, అదే కుర్చీలో, అదే నిమిషంలో! నా కళ్లు చెమర్చాయి.

మూడో వారంలో ఒక దుప్పటి తీసేశారు, ఆరో వారంలో రెండోదీ తీసేశారు. తొమ్మిదో వారంలో నా చేతిలో రెండు లీటర్ల నీళ్ల సీసా పెట్టారు. నడుముకు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటిని పైకెత్తే వ్యాయామం, చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి ఎదురెదురు చేయీ కాలూ చాపే వ్యాయామం ఉండేవి. ఇంట్లో బాగా పనికొచ్చింది మాత్రం చీపురు కర్రతో నేర్పిన పాఠం. కర్రను వెన్ను వెంబడి నిలువుగా పట్టుకుని, అది తల వెనక, వీపు మధ్య, నడుము చివర మూడు చోట్లా ఆనుతూ ఉండగానే తుంటి దగ్గర మడతపడి వంగాలి. కర్ర ఎక్కడైనా వదిలిందంటే వెన్ను గుండ్రంగా వంగిందన్నమాట. నీళ్ల బకెట్టు ఎత్తేటప్పుడు, పరుపు కింద దుప్పటి దోపేటప్పుడు ఇప్పటికీ నా వెన్ను మీద ఆ కర్ర ఉన్నట్టే అనిపిస్తుంది.

నొప్పి వస్తే ఏం చేయాలన్నదానికి కూడా వారి దగ్గర స్పష్టమైన కొలత ఉంది. సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోవాలి. వ్యాయామం చేస్తుండగా నొప్పి రెండు దాకా ఉంటే నిశ్చింతగా కొనసాగించవచ్చు. ఐదు దాకా ఉన్నా, ఇరవై నాలుగు గంటల్లో మామూలు స్థాయికి దిగిపోతే ఫరవాలేదు. ఐదు దాటినా, మర్నాటికి దిగకపోయినా వ్యాయామం మానకుండా మోతాదు తగ్గించాలి. 2013లో డెన్మార్కులో మొదలై చాలా దేశాలకు పాకిన గ్లాడ్ అనే మోకాళ్ల వ్యాయామ కార్యక్రమంలో వాడే కొలత ఇదేనట. లెక్కల టీచరుకు ఇంతకన్నా ఏం కావాలి! నొప్పి అనే పెద్ద భయం నా నోటు పుస్తకంలో ఒక అంకెగా మారిపోయింది.

ఐదో వారంలో ఆ కొలత విలువ తెలిసింది. బంధువుల పెళ్లిలో పీటల దగ్గర చాప మీద రెండున్నర గంటలు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాను. మర్నాడు మోకాలు వాచి ఏడు మార్కుల నొప్పి వచ్చింది. చేసినదంతా వృథా అయిందని ఫోను చేస్తే, ‘ఇవాళ రెండు దుప్పట్లూ మళ్లీ వేసుకోండి, ఐదుసార్లు లేచి కూర్చోండి చాలు, ఐసు పెట్టుకోండి, ఎల్లుండి రండి’ అంది. నాలుగు రోజుల్లో వాపు దిగింది. మునుపైతే అలాంటి వాపుకు మూడు వారాలు మంచమే గతి అనుకునేదాన్ని.

యంత్రాల సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. ఇక్కడా కరెంటు పెట్టే ఐ.ఎఫ్.టి. యంత్రం ఉంది, ధ్వని తరంగాలతో చికిత్స చేసే అల్ట్రాసౌండ్ ఉంది, మైనపు తొట్టె ఉంది. వేళ్ల కీళ్లు పట్టేసిన ఒక పెద్దాయన కరిగిన మైనంలో చేతులు ముంచి తీసి, ముంచి తీసి, తెల్లటి తొడుగులా అది గట్టిపడ్డాక తువ్వాలు చుట్టుకుని కూర్చునేవారు. తీసేశాక ఆయన వేళ్లు ఎంత సులువుగా ముడుచుకునేవో కళ్లారా చూశాను. ఆ వెచ్చదనం తగ్గేలోపల స్పాంజి బంతి నొక్కించేవారు, అదీ సరైన పద్ధతి. కరెంటు పెట్టే కప్పులు నా నడుము మీద సన్నటి జలదరింపు కలిగించేవి, నిద్ర వచ్చేంత హాయిగా ఉండేది. అయితే ఆ హాయి ఇంటికి చేరేదాకా ఉండేది, రాత్రికి ఉండేది కాదు. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి, 2022లో కీళ్ల అరుగుదలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ కరెంటు చికిత్సలను, అల్ట్రాసౌండ్‌ను ఇవ్వవద్దంది. వ్యాయామాన్ని మాత్రం ప్రధాన చికిత్సగా ఉంచింది. ఈ సంగతి ఆ అమ్మాయికి తెలుసు. నేను అడిగినప్పుడు దాచలేదు కూడా. కరెంటు పెట్టకపోతే చికిత్స జరగలేదనుకుని రోగులే రావడం మానేస్తారని చెప్పింది. ఆ మాటలో నిజం ఉంది. అయినా బిల్లులో యంత్రం రుసుమును అందరికీ కలిపేసి, వద్దన్నవారికి మాత్రమే తీసేసే పద్ధతి నాకు నచ్చలేదు. కావాలన్నవారికే కలపడం ధర్మం.

మరికొన్ని లోపాలున్నాయి. సాయంత్రం ఆరు దాటితే రద్దీ విపరీతం. అప్పుడు నా పక్కన నిలబడి మోకాళ్లు చూసే మనిషి ఉండేవారు కాదు, గదిలో ఒకరే నలుగురిని చూసుకునేవారు. ఈ వైద్యంలో విలువంతా ఆ చూపులోనే ఉంది కాబట్టి, ఆ వేళ వెళ్లడం డబ్బు పారేసుకోవడమే. నేను బడినుంచి దిగగానే నాలుగున్నరకే వెళ్లడం అలవాటు చేసుకున్నాను. ఇంట్లో చేయాల్సిన వ్యాయామాల కాగితం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. గోదావరి జిల్లాల పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవారు. నేను ఒక ఆదివారం కూర్చుని తెలుగులో రాసి, పక్కన బొమ్మలు మా అబ్బాయి చేత గీయించి ఇచ్చాను. వారం తిరక్కుండా జిరాక్సులు తీయించి అందరికీ పంచుతున్నారు. చెప్పగానే స్వీకరించారన్నది వారి పక్షాన రాయాల్సిన మాట. అన్నిటికన్నా బాధపెట్టిన లోపం ముందరి మెట్లు. మోకాళ్ల నొప్పితో వచ్చేవారి కేంద్రానికి వీధిలోంచి మూడు ఎత్తైన మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు, వాలు దారీ లేదు. ఒకావిడ మనవడి భుజం పట్టుకుని దిగుతూ మూడో మెట్టు మీద ఆగిపోయి ఏడవడం చూశాక, ఫిర్యాదుల పుస్తకంలో ఒక పేజీ నిండా రాశాను.

ఖర్చు వివరాలు చెబుతాను. మొదటిరోజు పరీక్షకు 500, ఆపైన సిట్టింగుకు 300 రూపాయలు, యంత్రం వద్దంటే 250. మొదటి నాలుగు వారాలు వారానికి మూడుసార్లు, తరువాత నాలుగు వారాలు రెండేసిసార్లు, చివరి నాలుగు వారాలు ఒక్కోసారి, మొత్తం ఇరవై నాలుగు సిట్టింగులు. డబ్బు ఏ రోజుకారోజే కట్టాను, ముందస్తు ప్యాకేజీ కోసం ఒత్తిడి లేదు. వారే సిట్టింగులు తగ్గిస్తూ వచ్చారని గమనించండి. రోగి రోజూ రావాలని కోరుకునే కేంద్రానికి, రోగి ఇంట్లోనే చేసుకోగలగాలని కోరుకునే కేంద్రానికి మధ్య తేడా ఆ అంకెల్లోనే తెలుస్తుంది.

ఈ కేంద్రం బయట నేను మార్చుకున్నవి కూడా ఫలితంలో భాగమే. బళ్లో ఎత్తైన స్టూలు ఒకటి వేయించుకుని, పాఠం మధ్యలో పది నిమిషాలకోసారి కూర్చుని లేస్తున్నాను. కత్తిపీట మానేసి వంటగట్టు మీద కూరలు తరుగుతున్నాను. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు అన్న సూత్రం అంటిపెట్టుకుని ఉన్నాను. పొద్దున్నే గోదావరి గట్టు మీద నడక మొదట పది నిమిషాలు, ఇప్పుడు నలభై నిమిషాలు. బరువు 74 కిలోల నుంచి 70కి తగ్గింది. మోకాళ్ల అరుగుదల ఉన్నవారి మీద 2005లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఒంట్లో ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నా నాలుగు కిలోలకు అడుగుకు పదహారు కిలోలు. గట్టు మీద నలభై నిమిషాలకు ఎన్ని అడుగులో, ఎంత భారం తప్పిందో వేసి చూపిస్తే మా ఎనిమిదో తరగతి పిల్లలు నోళ్లు తెరిచారు.

పన్నెండో వారం చివర ముప్పై సెకన్ల పరీక్షలో పదమూడుసార్లు లేచాను. నొప్పి పూర్తిగా పోలేదు. వాన ముసురు పట్టిన రోజున, వరసగా ఆరు పీరియడ్లు పడిన రోజున రెండు మూడు మార్కుల నొప్పి ఉంటోంది. ఎక్స్‌రే మళ్లీ తీస్తే బహుశా అలాగే ఉంటుంది. కానీ బళ్లో మంచినీళ్లు తాగుతున్నాను, బస్సు ఫుట్‌బోర్డు మీదికి ఎవరూ చేయి ఇవ్వకుండా ఎక్కుతున్నాను. నడుం బెల్టు ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను కూడా.

ఉద్యోగ విరమణకు ఇంకా ఐదేళ్లుంది. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోమన్నారు. మొన్న మొదటిసారి వెళ్లినప్పుడు ఆ మూడు మెట్లకు ఒక పక్కన స్టీలు కమ్మీ బిగించి ఉంది. వాలు దారి ఇంకా లేదు. కమ్మీ ఎక్కేటప్పుడు కుడి చేతికి, దిగేటప్పుడు ఎడమ చేతికి అందుతుంది. కుడి మోకాలు నొప్పి ఉన్నవారికి దిగేటప్పుడు ఆసరా కావాల్సింది ఎడమ చేతికే.